ఓర్చుకోవద్దు, చెప్పండి

(మైదాన ప్రాంతంలో జరిగే వేసవి శిబిరానికి బయల్దేరుతున్న యువతీ యువకుల సన్నాహక సమావేశంలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



మే నెలలో పది రోజుల శిబిరానికి మీరంతా కొండ దిగి మైదానానికి వెళ్తున్నారు. పొద్దున ఆటలు, పగలు తరగతులు, సాయంత్రం థింసా సాధన. పొద్దుటి నుంచి పెద్దలు నన్ను చాలా సంగతులు అడిగారు. బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆడపిల్లలకు వేరే గదులున్నాయా, తిండి ఏం పెడతారు, ఫోను ఉండనిస్తారా అని. అన్నీ అడగాల్సినవే. ఎండ సంగతి మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే నాకిచ్చిన సమయమంతా దానికే వాడుకుంటాను.

"ఎండ గురించి మాకు చెప్పేదేముంది మేడమ్" అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. పోడులో పని చేసినవాళ్లు, చింతపండు కోసం, అడ్డాకు కోసం కొండలెక్కి దిగినవాళ్లు, బడికి మైళ్లు నడిచినవాళ్లు మీరు. మీ కాళ్లలో ఉన్న బలం మైదానం పిల్లల్లో చాలామందికి లేదు. ఒప్పుకుంటాను. కానీ కాళ్ల బలం వేరు, ఎండ అలవాటు వేరు.

పాడేరు, అరకు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. వెయ్యి మీటర్లకు ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుందని సైన్సు పాఠంలో చదువుకున్నారు. అంటే మీరు బస్సులో కూర్చుని ఘాట్ రోడ్డు దిగిన ఆ కొద్ది గంటల్లోనే అయిదారు డిగ్రీల వేడి పెరుగుతుంది. బస్సు దిగుతుంది గానీ మీ ఒంటి అలవాటు అంత తొందరగా దిగదు. పైగా మనకు పగలు ఎండ కాసినా రాత్రికి దుప్పటి కావాలి. అక్కడ రాత్రి కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. పగలు అలిసిన ఒంటికి రాత్రి చల్లదనం దొరకదు.

ఈ తేడా నేను ఊహించి చెబుతున్నది కాదు. వడగాలులు వీస్తున్నాయని వాతావరణ శాఖ ఎప్పుడు ప్రకటిస్తుందో తెలుసా? మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలైనా ఎక్కువ ఉండాలన్నది ఒక లెక్క. దాంతోపాటు పగటి వేడి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు, సముద్ర తీరంలో 37, కొండ ప్రాంతాల్లో 30 ఉండాలి. ఒకే శాఖ మూడు చోట్లకు మూడు గీతలు గీసింది. ఏ చోట ఏ వేడి మామూలో చూసుకుని గీసింది. మనం 30 గీత ఉన్న చోట పెరిగినవాళ్లం. 40 గీత ఉన్న చోటికి వెళ్తున్నాం. 2015 మే నెలాఖరులో వీచిన వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ ఎండల్లోనే పుట్టి, ఆ ఎండల్లోనే పని చేసిన మనుషులు కూడా తట్టుకోలేకపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. కొండ పిల్లలం, మాకేం కాదు అనే మాటను ఇక్కడే వదిలిపెట్టి బస్సెక్కమంటున్నాను.

ఒళ్లు తనను తాను ఎలా చల్లబరుచుకుంటుందో ముందు తెలుసుకుందాం. అది అర్థమైతే మిగతా జాగ్రత్తలు బట్టీ పట్టనక్కర్లేదు.

మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆడినా పరిగెత్తినా కండరాలు వేడిని పుట్టిస్తాయి. రక్తం ఆ వేడిని చర్మం దగ్గరికి మోసుకొస్తుంది. అక్కడ చెమట పడుతుంది. ఆ చెమట ఆరినప్పుడు వేడిని తనతో తీసుకుపోతుంది. చూడండి, చల్లబరిచేది చెమట కారడం కాదు, చెమట ఆరడం. వానాకాలంలో దండెం మీది బట్టలు మూడు రోజులైనా ఆరవు కదా. ఎండాకాలంలో గంటలో ఆరిపోతాయి. గాలిలో తేమ ఉంటే బట్ట ఆరనట్టే చెమటా ఆరదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఇదే కష్టం. ఒళ్లంతా నీళ్లు కారుతుంటుంది, చల్లదనం మాత్రం రాదు. అక్కడ 37 డిగ్రీలే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఇక గాలి వేడి మన చర్మం వేడిని దాటిపోతే గాలి కూడా మనల్ని వేడెక్కించడమే మొదలుపెడుతుంది. అప్పుడు మనకు మిగిలిన ఒకే ఒక సాయం చెమట. ఆ చెమటకు నీళ్లు కావాలి, ఉప్పు కావాలి, కాసేపు నీడ కావాలి.

ఇప్పుడు మంచి మాట. ఎండను ఒళ్లు నేర్చుకుంటుంది. రోజూ కొంచెం కొంచెంగా వేడిలో పని చేస్తే ఒకటి నుంచి రెండు వారాల్లో ఒంట్లో మార్పు వస్తుంది. చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. అదే ఆటకు గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఇది మందులతో వచ్చేది కాదు, డబ్బుతో కొనేది కాదు. రోజులు మాత్రమే ఇస్తాయి. ఎండ పనిలో ప్రాణం పోగొట్టుకునేవాళ్లలో చాలామంది పనిలోకి దిగిన మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నారు. ఒళ్లు పాఠం నేర్చుకోకముందే పరీక్ష పెట్టేయడం వల్ల అలా జరుగుతోంది.

కాబట్టి శిబిరం మీకు బస్సెక్కిన రోజున మొదలవదు. రెండు వారాల ముందే మొదలవుతుంది. రేపటి నుంచి రోజూ పొద్దెక్కాక, ఎండ చురుక్కుమనే వేళకు, ఒక పావుగంట, ఇరవై నిమిషాలు వేగంగా నడవండి. మూడు నాలుగు రోజులకోసారి మరో పది నిమిషాలు కలపండి. రెండో వారం చివరికి గంటసేపు నడిచి, కొంచెం పరిగెత్తగలిగేలా చూసుకోండి. నెత్తిన తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా, పక్కన ఒక తోడు ఉండాలి. తల తిరిగినట్టుంటే ఆరోజుకి ఆపేయండి. జ్వరం ఉన్న రోజు, విరేచనాలైన రోజు అసలు వద్దు. కొండ మీది ఎండ మైదానం ఎండంత ఉండదు కాబట్టి ఈ సాధనతో అంతా అయిపోదు. అక్కడికి వెళ్లాక మొదటి నాలుగు రోజులు సగం ఆటే ఆడాలి. నిర్వాహకులు ఇక్కడే ఉన్నారు కాబట్టి మీ ముందే అడుగుతున్నాను. మొదటి నాలుగు రోజులు పోటీలు పెట్టకండి. పోటీ అంటే మా పిల్లలు వెనక్కి తగ్గరు. పోటీలు చివరి రోజుల్లో పెడితే బహుమతులూ వస్తాయి, పిల్లలూ బాగుంటారు.

రోజులో ఏ వేళ ఏం చేయాలన్నది మన పెద్దవాళ్లను చూస్తే తెలుస్తుంది. చైత్రంలో ఇటుకల పండగ రోజుల్లో వేటకి వెళ్లేవాళ్లు ఏ వేళకి బయల్దేరుతారో మీ తాతల్ని అడగండి. పోడులో పనికి అమ్మ ఏ వేళకి లేస్తుందో మీకే తెలుసు. తెల్లవారకముందే లేచి, పొద్దు నెత్తికెక్కేలోపు పని ముగించి, చెట్టు నీడకి చేరతారు. మళ్లీ ఎండ చల్లబడ్డాకే కదులుతారు. అది బద్ధకం కాదు, వేడిని లెక్కగట్టుకున్న తెలివి. శిబిరం టైంటేబుల్ కూడా అలాగే ఉండాలి. ఆటలు పొద్దున తొమ్మిదిలోపు ముగియాలి. పదకొండు నుంచి నాలుగు దాకా గాలి ఆడే గదిలో తరగతులు, పాటలు, విశ్రాంతి. థింసా సాధన సాయంత్రం అయిదు దాటాకే. థింసా చూడ్డానికి నెమ్మదిగా మొదలైనా అడుగు పెరిగేకొద్దీ ఎంత శ్రమ పడుతుందో ఆడినవాళ్లకు తెలుసు. పైగా నడుములు పట్టుకుని గొలుసులా ఆడతాం. ఒకరు తూలితే పక్కవాళ్లు మోసుకుపోతారు గానీ ఆపరు. అందుకే ప్రతి పావుగంటకు డప్పు ఆగాలి. డప్పు ఆగితే నీళ్లు తాగాలని గుర్తు పెట్టుకుందాం.

నీళ్ల సంగతికి వద్దాం. దాహం వేసేసరికే ఒంట్లో నీళ్లు కొంత తగ్గిపోయి ఉంటాయి. ఎండలో ఆడేటప్పుడు పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగండి. ఒకేసారి చెంబుడు ఎత్తి తాగి మళ్లీ మధ్యాహ్నం దాకా ముట్టకపోవడం వల్ల లాభం లేదు. అలాగని పందెం వేసుకుని తాగకూడదు. గంటకు లీటరున్నర మించి ఉత్త నీళ్లు పోస్తే రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. అదీ ప్రమాదమే. సరిపడా తాగుతున్నామో లేదో తెలియాలంటే మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపు అయితే బాగున్నట్టు. ముదురు పసుపైతే నీళ్లు తక్కువైనట్టు. డికాషన్ రంగులోకి వచ్చిందంటే ఆట ఆపేసి వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి.

ఇప్పుడు ఆడపిల్లలతో ఒక మాట. అబ్బాయిలూ వినండి, ఇందులో దాచేదేం లేదు. కొత్త చోటికి వెళ్తే మన అమ్మాయిలు నీళ్లు తాగడం మానేస్తారు. మరుగుదొడ్డి దూరంగా ఉందనో, తలుపుకి గడియ లేదనో, మగపిల్లల ముందునుంచి వెళ్లాలనో, నీళ్లు లేవనో. హాస్టల్లో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క గ్లాసుతో గడిపేస్తారు. మామూలు రోజుల్లోనే దానివల్ల మూత్రంలో మంట, నడుము నొప్పి వస్తాయి. మైదానం ఎండలో అయితే అదే వడదెబ్బకు దారి. కాబట్టి శిబిరానికి చేరగానే ముందు చూడాల్సింది వేదిక కాదు, మరుగుదొడ్లు. గడియ, బకెట్, నీళ్లు, లైటు, నెలసరి ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉన్నాయో లేదో మొదటి రోజే ఇద్దరు అమ్మాయిలు వెళ్లి చూసి మేడమ్‌లకు చెప్పండి. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. నెలసరి రోజుల్లో నీరసంగా ఉంటే ఆరోజు పరుగు మానేస్తానని చెప్పడం కూడా మీ హక్కే.

చెమటలో నీళ్లతోపాటు ఉప్పు పోతుంది. దానికి మనింటి వంటే మంచి మందు. చోడి అంబలి ఉప్పేసుకుని తాగడం మీకు అలవాటే. చద్దన్నంలో మజ్జిగ, ఉప్పేసిన గంజి, నిమ్మరసం ఇవన్నీ మంచివే. శిబిరంలో టీ బదులు పొద్దున పదింటికి అంబలి పెట్టమని నేను సంఘాన్ని కోరాను. కొందరు పిల్లలు పట్నం పిల్లల ముందు అంబలి తాగడానికి మొహమాటపడతారు. వాళ్లు ఇప్పుడు దాన్నే రాగి జావ అని డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు. ధైర్యంగా తాగండి. పొద్దున ఏమీ తినకుండా ఆటకు పోవద్దు. ఖాళీ కడుపుతో ఎండలోకి వెళ్తే కళ్లు తిరుగుతాయి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ గురించి తెలుసుకోండి. అది పుట్టిన చోటు ప్రయోగశాలే అయినా, దాని సత్తా లోకానికి తెలిసింది ఒక శిబిరంలోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్‌లో కలరా ప్రబలింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 మంది చనిపోతున్న చోట మరణాలు నాలుగు లోపుకి తగ్గాయి. ఆయన పోయాక 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. నేను మీకు గుర్తు చేయాలనుకున్నది ఆ బంధువుల్ని. వాళ్లు డాక్టర్లు కాదు, నర్సులు కాదు. పక్కన కూర్చుని, కప్పు తర్వాత కప్పు తాగించిన మామూలు మనుషులు. ఆ పని మీరూ చేయగలరు.

ప్యాకెట్ మీద లీటరు నీళ్లలో అని రాసి ఉంటే ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. సగం గ్లాసులో సగం ప్యాకెట్ కలిపి తాగితే మేలుకు బదులు కీడు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. స్పూను మీద పోగు లేకుండా వేలితో గీసి సమంగా కొలవండి. ఓఆర్‌ఎస్ ఎక్కువ చెమట పట్టి నీరసించినప్పుడు, పిక్కలు పట్టేసినప్పుడు, విరేచనాలైనప్పుడు తాగేది. రోజంతా నీళ్లకు బదులు తాగేది కాదు. ఇంకొకటి. దుకాణంలో ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని రంగుల డబ్బాల్లో తియ్యటి నీళ్లు అమ్మేవాళ్లు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దాని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు పెట్టకూడదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్టే తీసుకోండి. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది.

కూల్‌డ్రింకు దాహం తీర్చదు. జీలుగు కల్లు సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర ఎండాకాలం అంటే జీలుగు కల్లు కాలం. చలవ చేస్తుందని అంటారు. మత్తు ఇచ్చే ఏ పానీయమైనా ఒంట్లో నీళ్లను బయటికి పంపేస్తుంది, కళ్లు తిరుగుతున్న సంగతి తెలియకుండా చేస్తుంది. శిబిరానికి ముందు రోజు రాత్రి కూడా వద్దు.

బట్టలు వదులుగా, లేత రంగులో, నూలువి ఉండాలి. తల మీద తడి తువ్వాలు కప్పుకోండి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని చెప్పేవాళ్లుంటారు. జేబులోని ఉల్లిపాయ ఏమీ చేయదు, అంబలిలో నంజుకోండి. రాత్రి పడుకునే ముందు స్నానం చేయండి. వేడిగా ఉందని దోమతెర తీసేయకండి.

ఇప్పుడు చెప్పేది మన పిల్లలకు మరీ ముఖ్యం. సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఆదివాసీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించిందే 1952లో నీలగిరి కొండల ఆదివాసీల్లో. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పి పుట్టిస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గినా, మరీ అలిసిపోయినా, జ్వరం వచ్చినా ఆ నొప్పి ఎగదోస్తుంది. అంటే మైదానం ఎండలో ఆడటంలో ఉన్నవన్నీ దానికి కారణాలే. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఆ లక్షణం వచ్చినవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్లు ఆడొచ్చు, పరిగెత్తొచ్చు. కానీ అలవాటు లేని ఎండలో మొదటి రోజే ఆగకుండా పరిగెత్తితే వాళ్ల కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. వాళ్లకు కాళ్లు బలహీనమై కూలబడిపోతున్నట్టు అనిపిస్తే అది అలసట అనుకోకూడదు.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలన్నది దాని లక్ష్యం. 40 ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు. మీ కార్డు ఉంటే సంచిలో పెట్టుకోండి. పరీక్ష కాకపోతే ఈ రెండు వారాల్లో పీహెచ్‌సీకి వెళ్లి చేయించుకోండి. రక్తహీనత ఉన్నవాళ్లు ఐరన్ మాత్రలు మానకండి. ఆస్తమాకు, ఫిట్స్‌కు, సికిల్ సెల్‌కు మందులు వాడేవాళ్లు పది రోజులకు సరిపడా, ఇంకో అయిదు రోజులకు ఎక్కువగా తీసుకెళ్లండి. నిర్వాహకులకు నా మనవి. ఆ కార్డు చూసి పిల్లని ఆటలోంచి తీసేయకండి. ఆ పిల్లకు నీళ్లు, నీడ, విరామం ముందుగా అందేలా చూడండి. కార్డులో ఉన్నది నలుగురి ముందు చదవకండి.

జ్వరం గురించి కూడా ఒక మాట. మన ప్రాంతం నుంచి వెళ్లిన పిల్లకు చలితో జ్వరం వస్తే ఎండకే అనుకుని వదిలేయకూడదు. మలేరియా ఇక్కడ అంటుకుని అక్కడ బయటపడవచ్చు. వెంటనే రక్త పరీక్ష చేయించాలి. ఏ ఊరి నుంచి వచ్చారో డాక్టరుకు చెప్పాలి.

ఇక గుర్తులు. మూడు మెట్లుగా గుర్తుపెట్టుకోండి.

మొదటి మెట్టు: చెమటకాయలు, పిక్కలు, పొట్ట కండరాలు పట్టేయడం. ఆట ఆపి నీడలో కూర్చోండి, ఓఆర్‌ఎస్ తాగండి, పట్టేసిన చోట మెల్లగా సాగదీయండి.

రెండో మెట్టు: తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, విపరీతంగా చెమట, నీరసం, ఊరికే చిరాకు. వెంటనే నీడకు తీసుకెళ్లి పడుకోబెట్టండి. కాళ్ల కింద సంచి పెట్టి ఎత్తు చేయండి. బట్టలు వదులు చేసి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ విసరండి. గుక్కెడు గుక్కెడుగా ఓఆర్‌ఎస్ తాగించండి. అరగంటలో తేరుకోకపోయినా, వాంతులైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తేరుకున్నా ఆరోజు మళ్లీ ఆటకు పంపకూడదు.

మూడో మెట్టు వడదెబ్బ. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు మీద పని చేస్తుంది. మాట తడబడుతుంది, అడిగినదానికి సంబంధం లేకుండా జవాబు చెబుతారు, తూలుతారు, కొట్లాటకు వస్తారు, ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది. గాలి సోకిందనో, నాటకమాడుతున్నారనో అనుకోకండి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. ఆడుతూ పడిపోయినవాళ్లకు చెమట పట్టే ఉండొచ్చు. చెమట చూడకండి, మాట చూడండి. "నీ పేరేంటి, మనం ఎక్కడున్నాం, ఈరోజు ఏ వారం?" అని అడగండి. జవాబు తేడాగా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, మిగతావాళ్లు అప్పటికే నీళ్లు పోయడం మొదలుపెట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ నిలబడకూడదు. వడదెబ్బలో ప్రతి నిమిషం లెక్కే. పంపు కింద కూర్చోబెట్టండి, తొట్టిలో తల పైకి పట్టుకుని ముంచండి, లేదా తలనుంచి కాళ్లదాకా బకెట్లతో పోస్తూ విసరండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడకి, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పారాసిటమాల్ మాత్ర ఈ వేడిని తగ్గించదు.

ఇవన్నీ తెలిసినా ఒకటి లేకపోతే ఏదీ పనికి రాదు. అది చెప్పడం.

మనలో ఒక గుణం ఉంది. నొప్పి చెప్పుకోం. రాత్రి లైట్లు ఆర్పాక దుప్పటి కింద వణుకుతూ పడుకున్న పిల్లని దగ్గరికెళ్లి నుదురు ముట్టుకుంటే గానీ జ్వరమని తెలియదు. పొద్దున అడిగితే "ఏం లేదు మేడమ్" అంటుంది. చిన్నప్పటి నుంచి ఓర్చుకోవడం గొప్ప అని నేర్చుకున్నాం. ఆకలిని ఓర్చుకున్నాం, దూరాన్ని ఓర్చుకున్నాం, ఎగతాళిని ఓర్చుకున్నాం. ఆ ఓర్పు మనల్ని ఇంతదాకా తెచ్చింది, కాదనను. కానీ ఎండ దగ్గర ఓర్పు పని చేయదు. రెండో మెట్టు మీద చెప్పిన పిల్ల అరగంటలో తేరుకుంటుంది. ఓర్చుకున్న పిల్ల మూడో మెట్టు మీదికి వెళ్లిపోతుంది. అక్కడికి చేరాక చెప్పాలనుకున్నా మాట రాదు.

ఎందుకు చెప్పరో కూడా నాకు తెలుసు. చెబితే ఇంటికి పంపేస్తారేమోనని భయం. అందుకే సంఘం పెద్దల చేత ఇక్కడే మాట ఇప్పించాను. ఒంట్లో బాలేదని చెప్పినంత మాత్రాన ఎవరినీ జట్టులోంచి తీసేయరు. రెండోది, తెలుగు సరిగ్గా రాదని మొహమాటం. ఇంట్లో కువి మాట్లాడేవాళ్లున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. తల తిరుగుతున్నప్పుడు ఎవరికైనా ముందు వచ్చేది అమ్మ భాషే. మీ భాషలోనే చెప్పండి. ఈరోజు భోజనాల దగ్గర ఒక పని చేద్దాం. తల తిరుగుతోంది, వాంతి వస్తోంది, దాహంగా ఉంది, కాళ్లు పట్టేశాయి, ఈ నాలుగు మాటలూ మీ మీ భాషల్లో చెప్పి ఒక అట్ట మీద తెలుగు అక్షరాల్లో రాయించండి. ఆ అట్ట శిబిరం గోడకు వేలాడాలి. అక్కడి కోచ్‌లు, వంటవాళ్లు కూడా ఆ మాటలు నేర్చుకోవాలి. సంస్కృతి అంటే వేదిక మీది పాటే కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన మాట అవతలివాళ్లకు అర్థం కావడం కూడా.

చివరిగా, జంటలు. ఒకే భాష మాట్లాడే ఇద్దరిద్దరిని జంటగా వేస్తున్నాం. పది రోజులూ నీ నీళ్లు నా లెక్క, నా నీళ్లు నీ లెక్క. నీ జంట మొహం వాడినా, మాట తగ్గినా, ఊరికే విసుక్కున్నా నువ్వే మేడమ్ దగ్గరికి రావాలి. అది చాడీ కాదు. తన గురించి చెప్పడానికి నోరు రాని పిల్ల కూడా స్నేహితురాలి గురించి పరిగెత్తుకొచ్చి చెబుతుంది. మన పిల్లల్లో ఆ గుణమూ ఉంది, దాన్ని నమ్ముకునే ఈ ఏర్పాటు.

సంచిలో పెట్టుకోవాల్సినవి రాసుకోండి. లీటరు సీసా, నూలు తువ్వాళ్లు రెండు, వదులు బట్టలు, చెప్పులు, పది ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక టీస్పూను, మీ మందులు, సికిల్ సెల్ కార్డు, ఆధార్ నకలు, ఇంటి ఫోన్ నంబరు రాసిన కాగితం, అమ్మాయిలకు ప్యాడ్లు, ఒక కేజీ చోడి పిండి. పిండి అక్కడి వంటగదికి ఇచ్చేయండి, మైదానం పిల్లలకూ రుచి చూపిద్దాం.

బాగా ఆడండి, బాగా పాడండి. దాహం వేయకముందే తాగండి. ఏదైనా తేడాగా అనిపిస్తే ఓర్చుకోవద్దు, చెప్పండి. ఇప్పుడు మీ జంట ఎవరో చూసుకుని పక్కపక్కన కూర్చోండి. భోజనాలకు అలాగే వెళ్దాం.

జై ఆదివాసీ.